ఎవరూ తెరిచి చూడని నోరు

సమస్త జీవులకూ వేళకు ఆహారమిచ్చి, దాన్ని నమలడానికి పళ్లు కూడా ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆ పళ్లను చూడమని నాకు రెండు కళ్లిచ్చి, వాటిని నేను ఉద్యోగమంతా మహా పొదుపుగా వాడుకున్నా కోపగించుకోకుండా పింఛను దాకా నడిపించినందుకు ఇంకొకసారి స్తోత్రం. ఆయన కృప అడ్డుపడకపోతే ఈపాటికి నా పేరు చెప్పుకుంటూ కోనసీమలో ఒక కుక్క ఒంటి కన్నుతో తిరుగుతూ ఉండేది.

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. వాళ్లకు కావలసింది గోదావరి వరదలో పడవెక్కి వెళ్లి గేదెకు పురుడు పోసిన కథ. అదీ ఉంది. చెప్పిన ప్రతిసారీ అందులో నీటి మట్టం కాస్త పెరుగుతూ ఉంటుంది. కానీ నేను మా చర్చి సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి. గెలిచిన సంగతులే చెప్పి కూర్చుంటే అది సాక్ష్యం అనిపించుకోదు, సన్మానపత్రం అవుతుంది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో వరద లేదు, గేదె ఉన్నా కాగితం మీదే ఉంది. ఉన్నవల్లా ఒక తెల్ల కుక్క, దాని పన్ను, నా గర్వం.

అప్పటికి నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు మిగిలి ఉంది. రాజోలు వైపు ఒక పశువుల ఆసుపత్రి. రెండు గదులు, ఒక వరండా, ఆవరణలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, దాని మీద ఆరేసిన కాంపౌండరు గారి తువ్వాలు. ఆ చట్రంలో పశువు కంటే తువ్వాలే ఎక్కువ రోజులు నిలబడింది.

మా శాఖలో నోరు తెరిచి చూడడానికి ఒకటే కారణం ఉండేది. వయసు. గేదె బేరానికి వచ్చినా, బీమా కాగితం మీద సంతకం కావాలన్నా కింది పెదవి లాగి ముందు పళ్లు చూడడం, ఇన్నేళ్లని రాయడం. పశువు నోరంటే మాకు పుట్టిన తేదీ పత్రం, అంతకు మించి ఏమీ కాదు. కుక్క వయసు ఎవరూ అడగరు కాబట్టి కుక్క నోరు తెరిచే అవసరం మాకెప్పుడూ రాలేదు. పైగా కుక్క కరుస్తుంది. అందుకని మా ఆసుపత్రిలో కుక్క గడప దాటగానే మొదట జరిగే వైద్యం ఒకటుంది: మూతికి గుడ్డ కట్టడం.

ఆ కట్టు మా కాంపౌండరు గారి ప్రత్యేకత. నాకంటే రెండేళ్లు చిన్న, ఆత్మవిశ్వాసంలో మాత్రం చాలా పెద్ద. కట్టుగుడ్డ ముక్క తీసి, మూతి చుట్టూ రెండు చుట్లు తిప్పి, గడ్డం కింద ఒక ముడి, చెవుల వెనక ఇంకో ముడి వేసేవారు. రెప్ప వేసే లోపు కుక్క మౌనవ్రతం పట్టేది.

"నా సర్వీసులో ఒక్క కుక్కా కరవలేదండి" అనేవారు గర్వంగా.

నిజమే. ఒక్క కుక్క నోరూ మేం చూడలేదు కూడా. ఈ రెండో మాట పైకి అనాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఇక కుక్క సంగతి. దాని పేరు జున్ను. తెల్లటి బొచ్చు, బూరె లాంటి మొహం, జాతేమిటో దేవుడికే ఎరుక. దాన్ని తెచ్చేది ఒక ఆటో డ్రైవరు. జున్ను నిజానికి ఆయనది కాదు, ఆయన భార్యది. ఆమె గల్ఫులో ఒక ఇంట్లో పని చేస్తుండేది. వెళ్లేటప్పుడు భర్తకు అప్పగించిన వాటిలో మొదటిది కుక్క, రెండోది ఇల్లు, మూడోది ఆయన ఆరోగ్యం. వరుస ఆయనే చెప్పాడు, కొంచెం బాధగానే.

కన్ను గొడవ మొదలవడానికి ఏడాది ముందు ఆయన ఒక చిన్న ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. మొహమాటంగా నవ్వుతూ విప్పాడు. లోపల వేలంత బ్రష్షు, చిన్న పేస్టు గొట్టం ఉన్నాయి.

"మా ఆవిడ పంపిందండి, ఊరికొస్తున్నవాళ్ల చేత. జున్నుకంటండి."

"జున్నుకేమిటి?"

"పళ్లు తోమాలంటండి, రోజూను. అక్కడ వాళ్ల మేడమ్ గారి పిల్లికి మా ఆవిడే తోముతాదంటండి. పేస్టు కూడా వాటికి వేరేనంటండి, మనది వాడకూడదంట."

కాంపౌండరు గారు కుర్చీలోంచి పడినంత పని చేశారు. "ఆయ్! మరి పుక్కిలించడానికి గోరువెచ్చటి నీళ్లెవరిస్తారండీ? నాలిక గీసుకునే బద్ద పంపలేదా?"

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది. డాక్టర్ని కదా, సలహా ఇచ్చాను. "చూడు బాబూ, ఇవన్నీ ఎడారి దేశాల వేషాలు. మన దగ్గర కొబ్బరి చిప్పలకేం కొదవ? రోజూ ఒక చిప్ప పడెయ్యి. కొరుకుతుంది, పళ్లు శుభ్రపడతాయి, గట్టిపడతాయి కూడాను. దేవుడు కుక్కకు పళ్లిచ్చింది ఎందుకు?"

దేవుడి పేరు కూడా మధ్యలోకి తెచ్చాను, గమనించండి. ఏ పుస్తకంలో చదివి చెప్పానని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా నాన్న తన కుక్కకు అలాగే వేసేవాడు. ఆ కుక్క పళ్లు ఎలా ఉండేవో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అలా ఒక తరం చూడని సంగతిని ఇంకో తరం గట్టిగా నమ్మితే, దానికి అనుభవం అని పేరు పెడతాం.

ఆయన నా మాట శిరసావహించాడు. ఇంటి పక్కనే కొబ్బరికాయలు కొట్టి ఎండబెట్టే కళ్లం ఉంది. జున్నుకు రోజూ ఒక చిప్ప. బ్రష్షు ఆటోలో అద్దం కింద చేరింది. తర్వాత ఒకసారి చూస్తే దాంతో ఇంజను ప్లగ్గు తోముతున్నాడు. "చాలా బాగా పనిచేస్తందండి" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి జున్ను కుడి కంటి కింద వాచింది. చిన్న ఉసిరికాయంత. నాలుగు రోజులకు పగిలి రసి కారింది. ఆటోలో వేసుకుని తెచ్చాడు. కాంపౌండరు గారు నోరు కట్టారు. నేను కన్ను చూశాను. ఏ ముల్లో గుచ్చుకుని ఉంటుందని శుభ్రం చేసి, సూది మందు వేసి పంపాను. వారంలో మానింది. ఆయన నాకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. నేను ఆ దణ్ణాన్ని హుందాగా స్వీకరించి, ఘనత దేవునికే అన్నాను. అందులో కొంత నా దగ్గరే అట్టిపెట్టుకున్న సంగతి దేవునికి తెలుసు.

మూడు వారాలకు మళ్లీ వాచింది. మళ్లీ నోరు కట్టారు, మళ్లీ కన్ను చూశాను, మందు మార్చాను. మానింది. మళ్లీ వచ్చింది. ఇలా నాలుగు నెలలు. ఈలోగా కన్ను కూడా ఎర్రబడి, సగం మూసుకుపోయింది. దగ్గరకొస్తే దుర్వాసన. జున్ను తిండి తగ్గించింది. తిన్నా ఎడమ వైపు నుంచే నములుతోందని ఆయన ఒకసారి చెప్పాడు కూడా.

"కుడి కన్ను కనపడదు కదా బాబూ, అందుకని" అన్నాను.

కుక్క అన్నం కంటితో నమలదు. ఈ చిన్న విషయం నాకు ఆ రోజు తట్టలేదు. యాభై ఏడేళ్ల మనిషిని, పట్టా పుచ్చుకున్నవాణ్ణి.

ఆ కంటి కోసం ప్రార్థన కూడా చేశాను. వెటకారం కాదు, నిజంగానే చేశాను. ఆయన మా సంఘం మనిషి కాదు, అయినా "నేను ప్రార్థన చేస్తాను" అంటే "చెయ్యండి బాబూ, ఏ దేవుడైనా పరవాలేదు, అది బతికితే చాలు" అన్నాడు. నాలుగు నెలలు మోకాళ్ల మీద కంటిని గురించే అడిగాను. దేవుడు పంటి సంగతి తెలిసినవాడు గనుక నా అర్జీని ఓపిగ్గా పక్కన పెట్టి ఉంటాడు.

గల్ఫులో ఉన్న ఆమెకు మాత్రం ఇదేమీ తెలియదు. తెలియనివ్వలేదు. ఆమె రోజూ వీడియో కాల్ చేస్తుంది. ఆయన జున్నును ఎడమ వైపు తిప్పి పట్టుకుంటాడు. ఒకసారి మా వరండాలోనే ఫోనొచ్చింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

"అదేంటండీ, జున్ను ఎప్పుడు చూసినా అటే చూస్తాదేంటి?"

"నీ మీద అలిగిందే. రెండేళ్లు వదిలేసి పోలేదూ?"

"అలిగినా సరే, నేను పిలుస్తన్నానని చెప్పి ఓసారి ఇటు తిప్పండి."

"తిరగనంటందే. నీ కుక్కేగా, నీ మొండితనమే."

"చాల్లెండి. బ్రష్ చేస్తన్నారా?"

"ఆయ్. రోజూను."

ఆమె తెరకు ఇంకా దగ్గరగా వంగింది. "ఎక్కడున్నారు మీరు? వెనకాల అదెవరండీ, డాక్టరు గారా? ఓసారి ఇవ్వండి."

ఆయన బతిమాలుతున్నట్టు నా వైపు చూసి ఫోనిచ్చాడు. తెర మీద అలసిన మొహం, తలకు గుడ్డ, వెనక ఎవరిదో మెరిసే వంటగది.

"డాక్టరు గారండీ, దాని పళ్లు బావున్నాయాండీ? ఓసారి చూసేరా?"

నేను సంఘ పెద్దను. అబద్ధం చెప్పడం గురించి పిల్లలకు ఆదివారం బడిలో పాఠం చెప్పినవాణ్ణి. రెప్పైనా ఆర్పకుండా అన్నాను: "బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. నేనే చూశాను."

"అంతే చాలండి. నోరు బావుంటే ఒళ్లు బావున్నట్టేనంటారండి ఇక్కడ. వచ్చే నెల సెలవు మీద వస్తన్నానండి" అంది. మొహంలోని అలసటంతా పోయి నవ్వింది. ఆ నవ్వు నన్ను తర్వాత చాలా రోజులు వదల్లేదు.

ఫోను పెట్టేశాక ఆయన నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "వచ్చే నెలకి ఇది నయమవ్వాలండి. లేపోతే మా ఆవిడకి నా మొహం చూపించలేనండి. పిల్లల్లేరండి మాకు. ఆ ఇంట్లో ఎవరెవరి పిల్లలకో, పిల్లులకో చాకిరీ చేసి, పడుకునే ముందు దీని మొహం చూసి పడుకుంటాదండి అది."

నేను గంభీరంగా ఆలోచించాను. కంటి వెనక గడ్డేదో ఉందని, కన్ను తీసేస్తే తప్ప అది లోపలికి పాకకుండా ఆగదని తేల్చాను. ఒక కన్నుతో కుక్కలు హాయిగా బతుకుతాయని ధైర్యం చెప్పాను. ఆయన జున్ను కుడి కంటిని అరచేత్తో కప్పి చూశాడు. చివరికి, "ప్రాణం ఉంటే చాలండి. కన్ను సంగతి మా ఆవిడకెలా చెప్పాలో నేను చూసుకుంటానండి" అని లేచాడు. మంగళవారం ఆపరేషను అనుకున్నాం.

మధ్యలో ఆదివారం వచ్చింది. ఆ వారం సంఘంలో వాక్యం చెప్పే వంతు నాది. దేని గురించి చెప్పానో ఊహించండి. చూపు గురించి. కళ్లుండీ చూడని మనుషుల గురించి నలభై నిమిషాలు చెప్పాను. ముందు వరసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరు గారు చెయ్యి పట్టుకుని "చాలా లోతుగా వెళ్లారండి" అన్నారు. నిజానికి ఒక్క అంగుళం లోతుకు, పెదవి వెనక్కి వెళ్లి ఉంటే సరిపోయేది.

మంగళవారం పొద్దున్న ఆటో వచ్చింది. జున్ను వరండాలో బల్ల మీద కూర్చుంది. నేను లోపల కత్తులు ఉడకబెట్టించి, మత్తుమందు కొలుస్తున్నాను. అప్పటికే వరండాలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు: పశువుల బేరగాడు. మండపేట నుంచి ముమ్మిడివరం దాకా ఏ పాకలో ఏ గేదె ఉందో ఆయనకు తెలుసు. తొమ్మిదేళ్ల గేదెకు అయిదేళ్లని కాగితం అడగడం, నేను తిట్టి పంపడం, ఆయన నవ్వుకుంటూ వెళ్లి మళ్లీ ఇంకో గేదె కాగితంతో రావడం. మా ఇద్దరి మధ్య ఇదొక నిత్యకృత్యం. ఇలాంటివాళ్ల కోసం సంఘంలో ప్రత్యేకంగా ప్రార్థించేవాణ్ణి. వాళ్ల నోట సత్యం రావాలని.

ఆయనకొక అలవాటుంది. ఎదురుగా పశువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మాట్లాడుతూనే పెదవి ఎత్తి చూస్తాడు. మనం పలకరింపుగా భుజం తట్టినట్టు.

లోపలికి కాంపౌండరు గారి కేక వినిపించింది. "ఏయ్, చెయ్యి తియ్యవయ్యా! ఇంకా మూతి కట్టలేదు!"

"కరవదండీ. పాపం నీరసంగా ఉంది."

"నీకెందుకయ్యా అది? గేదె అనుకున్నావా పళ్లు చూడ్డానికి?"

"అలవాటండి. చెయ్యి దానంతటదే పోతాది." తర్వాత గొంతు మారింది. "బాబోయ్, ఏంటండీ ఈ కంపు! డాక్టరు గారండీ! ఓసారి ఇలా రండి."

నేను చిరాగ్గా బయటికి వచ్చాను. ఆయన ఒక బొటనవేలితో జున్ను కుడి వైపు పెదవి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. అది బుద్ధిగా కూర్చుంది. నాలుగు నెలలుగా ఎవరో ఒకరు ఆ పని చేస్తారని ఎదురు చూసినట్టుగా.

"కుక్క వయసు చెప్పడం నాకు చేతకాదండి, దీని బేరం నేనెప్పుడూ చేయలేదు" అన్నాడు. "కానీ ఈ పన్ను చూసేరా? పై దవడలో ఈ పెద్దది. నిలువునా చీలిపోయిందండి. పంటి మొదలంతా చీము. సరిగ్గా ఆ కంటి కిందేనండి. తమరు కన్ను తీస్తారంటన్నారు మన ఆటో ఆయన... కన్నేం చేసిందండీ పాపం?"

చూశాను. పై దవడలో మాంసం చీల్చే పెద్ద పన్ను, పక్క పెచ్చు ఎగిరిపోయి, నల్లగా, చిగురు ఉబ్బి. వేలితో చిగురు నొక్కాను. నొక్కితే కంటి కింద కన్నంలోంచి చీము బొట్టు బయటికొచ్చింది. అక్కడ నొక్కితే ఇక్కడ. ఇంతకంటే తేటగా సృష్టికర్త నాకు ఇంకెలా చెప్పగలడు? ఆ పంటి వేర్లు కంటి కిందికే వెళతాయని కాలేజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పెచ్చు ఎందుకు ఎగిరిందో అడగక్కర్లేదు. కొబ్బరి చిప్ప. నా చిప్ప.

పూర్వం ఒక ప్రవక్త దారి తప్పి పోతుంటే, ఆయనకు కనపడనిది ఆయనెక్కిన గాడిదకు కనపడిందని, చివరికి దేవుడు దాని నోరు తెరిచి ఆయనకు బుద్ధి చెప్పాడని మేం చిన్నప్పటి నుంచి వింటున్నాం. విన్నప్పుడల్లా ఆ ప్రవక్తను చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ వరండాలో నవ్వు రాలేదు. కాగితాల మీద గేదెలను చిన్నపిల్లలుగా మార్చే మనిషి, నాకు తెలిసి నా ఎదుట చెప్పిన మొదటి నిజం నా గురించే అయింది. నేను చేసిన ప్రార్థన అంత కచ్చితంగా నెరవేరుతుందని ఊహించలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ నిమిషంలో నా మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన పశ్చాత్తాపం కాదు. "నేనూ అదే అనుమానిస్తున్నాను, మత్తు ఇచ్చాక చూద్దామనుకున్నాను" అనే వాక్యం, వ్యాకరణంతో సహా సిద్ధంగా, నాలుక చివర ఉంది. అంటే అందరూ నమ్మేవాళ్లే. ఆటో ఆయన ఇంకోసారి దణ్ణం పెట్టేవాడు.

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. చేతిలో ఫోను. తెర మీద భార్య ఫోటో, ఒళ్లో జున్ను.

"నేను చూడలేదు బాబూ" అన్నాను. "నాలుగు నెలల్లో ఒక్కసారీ దీని నోరు చూడలేదు. చిప్ప వెయ్యమన్నదీ నేనే. ఈ కంటికి ఏ రోగమూ లేదు."

 కాంపౌండరు గారు చేతిలోని కట్టుగుడ్డను మెల్లగా చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నారు. బేరగాడు తన కాగితం మడిచి, "నా గేదె సంగతి రేపు చూద్దాంలెండి. ఇవాళ తమరి మనసు బాలేదు" అన్నాడు. ఆయన దయకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను, గేదె వయసు మాత్రం మర్నాడు కూడా తొమ్మిదే రాశాను.

పన్ను తీయడానికి మా దగ్గర పనిముట్లేవి? గేదె కొమ్ము కోసే రంపం ఉంది. కుక్క పన్ను కదిపేది ఒక్కటీ లేదు. కాంపౌండరు గారు అదే ఆటోలో అమలాపురం వెళ్లి, తెలిసిన పళ్ల డాక్టరు గారిని బతిమాలి, పన్ను కదిలించే సన్నటి ఉలి, పట్టుకారు తెచ్చారు. ఎవరికని ఆవిడ అడిగితే "మా డాక్టరు గారికి బాగా కావాల్సినవాళ్లకండి" అన్నారట. ఆవిడ కంగారుపడి, నొప్పికి మాత్రలు కూడా రాసిచ్చారు. రోగి ఎవరో తెలిశాక పనిముట్లు తిరిగి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అది వేరే కథ.

మధ్యాహ్నం మత్తిచ్చాను. ఆ పంటికి మూడు వేర్లు.  నావి దూడను కడుపులోంచి లాగే చేతులు, బియ్యపు గింజంత చోటులో పని తెలియదు. ఆటో ఆయన గుమ్మం బయట నిలబడి ఏ దేవుణ్ణి పిలిచాడో గాని, నేను లోపల నా ప్రభువును పిలిచాను. ఈసారి అర్జీలో చిరునామా సరిగ్గా రాశాను. మూడో వేరు వచ్చేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. జున్ను లేచి, తూలుతూ, ముందు నా వైపు చూసి, తర్వాత ఆయన దగ్గరకు వెళ్లి ఒళ్లో తల పెట్టింది. పది రోజుల్లో కంటి కింద పుండు మాని బొచ్చు మొలవడం మొదలైంది. కన్ను రెండో దానిలాగే తేటగా, నిక్షేపంగా ఉంది.

కథ ఇక్కడితో ముగిస్తే నేను బాగానే కనిపిస్తాను. కానీ ఆమె వచ్చింది.

వచ్చిన మూడో రోజునే జున్నును చంకనేసుకుని ఆసుపత్రికి వచ్చింది. వెనక ఆయన. తప్పు చేసిన వాడు ఎంత దూరంలో నడవాలో సరిగ్గా అంత దూరంలో. ఇంటి దగ్గర ఆయన అంతా దాచిపెట్టాడట. కన్ను బాగుంది కదా, ఇంకేం చూస్తుందిలే అనుకున్నాడట. ఆమె కన్ను చూడనేలేదట. ఇంటి గుమ్మంలోనే దాని నోరు తెరిచిందట.

"డాక్టరు గారండీ, ఇక్కడ పన్ను లేదండి" అంది. గొంతు హెచ్చలేదు. "పళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, నేనే చూశానన్నారు కదండీ."

కుర్చీలోంచి లేచాను. "చూడలేదమ్మా. నీతో అబద్ధం చెప్పాను." బ్రష్షును చూసి నవ్వడం, చిప్ప, నాలుగు నెలలు, తీయబోయిన కన్ను, అన్నీ వరసగా చెప్పాను. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నలభై నిమిషాల వాక్యం కంటే అవే ఎక్కువసేపు అనిపించాయి.

ఆమె విని, చేతిలోని జున్ను చెవులు నిమిరింది. తర్వాత అంది:

"ఆ ఇంట్లో పిల్లి నోట్లో వేలెట్టినందుకేనండి నాకు కూడెడతన్నారు. మొదట్లో రోజూ కరిచేదండి. ఇదిగో చూడండి మచ్చలు. నాకు చదువు లేదు, నేనే ఎట్టగలిగేనండి వేలు. తమరు ఒక్కసారి ఎట్టలేకపోయేరా?"

నేను వంగి ఆ మచ్చలు చూశాను. ఈసారి నిజంగానే చూశాను.

ఆమె సంచీలోంచి కొత్త బ్రష్షు తీసింది. "రండి, పట్టుకోండి" అంది. భర్తతో కాదు, నాతో. జున్ను తల నా రెండు చేతుల మధ్య పెట్టింది. పెదవి ఎలా ఎత్తాలో, బ్రష్షు చిగురు దగ్గర ఎలా గుండ్రంగా తిప్పాలో, పిల్లి అయితే చూపుడు వేలికి మెత్తటి గుడ్డ చుట్టి ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. కాంపౌండరు గారు ఆ పక్కనే నిలబడి, చేతులు కట్టుకుని, విద్యార్థిలా విన్నారు.

"గుక్క తిప్పుకోనివ్వాలండి మధ్యలో" అంది ఆమె ఆయన్ను చూసి. "దానికీ విసుగొస్తాది."

"ఆయ్" అన్నారు కాంపౌండరు గారు. ముప్పై ఏళ్లలో ఆయన ఎదురు చెప్పకుండా అన్న మొదటి ఆయ్ అది.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో వరస మారింది. ముందు యజమాని చేతుల్లోనే పెదవి ఎత్తి చూడడం, కట్టు ఆ తర్వాత. ఆ మూడేళ్లలో కాంపౌండరు గారిని రెండు కుక్కలు కరిచాయి. మచ్చలు అందరికీ చూపించుకున్నారు, పతకాల్లాగా. నేను పదవీ విరమణ చేసేదాకా ఎన్ని నోళ్లు చూశానో లెక్కలేదు. తెరిచిన వాటిలో చాలావాటిలో ఏదో ఒక బాధ ఉంది. ఇన్నేళ్లూ మూతులు కట్టి పంపినవాటిలో ఎంత బాధ తిరిగి ఇళ్లకు వెళ్లిందోనని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

పిల్లలూ, మీరు నా కంటే చదువుకున్నవాళ్లు, ఫోనులో ప్రపంచమంతా చూసేవాళ్లు. మీకు నేను చెప్పేదేముంది? పెంపుడు జంతువు ఏ రోగంతో వచ్చినా ఓసారి పెదవి ఎత్తండి. మీ గోరు గుచ్చితే దిగనంత గట్టిదాన్ని దేన్నీ కొరకనివ్వొద్దని చెప్పండి. చిప్ప, రాయి, ఎండిన ఎముక, ఏదైనా సరే. బ్రష్షు పట్టుకొచ్చినవాళ్లను చూసి నవ్వొద్దు. చూడనిదాన్ని చూశానని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఈ చివరిది పశువైద్యానికి మాత్రమే కాదని మీకు తెలుసు.

ఆమె మళ్లీ గల్ఫుకు వెళ్లలేదు. ఊళ్లోనే ఉంది. అమలాపురంలో ఒకరిద్దరి ఇళ్ల పిల్లులకు, కుక్కలకు ఇప్పుడు తనే పళ్లు తోముతుందని విన్నాను. జున్ను ముసలిదైంది. ఆటోలో ముందు సీట్లో కూర్చుని రెండు కళ్లతో రోడ్డు చూస్తుంటుంది. నేను ఎదురుపడితే గుర్తుపడుతుంది. నోరు మాత్రం గట్టిగా మూసుకుంటుంది. దాని తప్పేం లేదు.

రండి, తలలు వంచుదాం. నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నోరు లేని జీవుల నోళ్లు తెరిచి చూసే ఓపిక మా చేతులకు ఇవ్వు. మేం తిట్టి పంపినవాళ్ల ద్వారా నువ్వు చెప్పే నిజాన్ని వినే చెవినివ్వు. తప్పు పట్టుబడిన నిమిషంలో మా నాలుక చివర సిద్ధంగా ఉండే ఆ అందమైన వాక్యాన్ని అక్కడే ఆపు. దూరదేశాల్లో ఎవరి ఇళ్లలోనో వంగి పనిచేస్తున్న అక్కచెల్లెళ్లను కాపాడు, వాళ్లు ఫోనులో అడిగే ప్రశ్నలకు ఇక్కడివాళ్లం నిజమే చెప్పేలా చెయ్యి. ఆమెన్ అనండి. అని, వెళ్లి మీ ఇంట్లో కుక్క ఉంటే దాని పెదవి ఒకసారి ఎత్తి చూడండి.